మొదటిసారి పోల్ క్లాసుకు పోతున్నా, నెల్లూరు నుంచి. ముందుగా ఏం తెలుసుకోవాలి?

పెన్నా_ఒడ్డు | జనవరి 18, రాత్రి 10:05

అందరికీ నమస్తే. మాది నెల్లూరు, వేదాయపాలెం వైపు. నాకు 33 ఏళ్ళు. ఆఫీసులో పొద్దున తొమ్మిదిన్నరకు కూర్చుంటే సాయంత్రం ఆరున్నరకు లేస్తా, మధ్యలో నడక అంటే క్యాంటీన్ దాకానే. మా చెల్లి చెన్నైలో వేళచ్చేరిలో ఉంటుంది. సంక్రాంతికి వచ్చినప్పుడు వాళ్ళింటికి దగ్గర్లో ఒక చోట పోల్ డ్యాన్స్ నేర్పిస్తారని, ఫిబ్రవరి 7 శనివారం కొత్తవాళ్ళ కోసం ఒక క్లాసు ఉందని చెప్పింది. ఫోన్లో వీడియో చూపించింది. మా వయసు ఆవిడే, ఇనప స్తంభాన్ని పట్టుకుని మెల్లగా చుట్టూ తిరిగి కింద కాలు పెట్టింది. అది చూసినప్పటి నుంచి మనసు అక్కడే ఉంది. అదే రాత్రి ఇద్దరికీ డబ్బులు కట్టేశాను.

ఇప్పుడు టెన్షన్ మొదలైంది. నా చేతుల్లో బలం లేదు, ఒక్క పుల్‌అప్ కూడా రాదు. ముందు ఆరు నెలలు జిమ్‌కు పోయి బలం తెచ్చుకుని అప్పుడు పోవాలా? షార్ట్స్ వేసుకోవాలంట, నేను పెళ్ళయ్యాక మోకాలు కనపడే బట్ట వేసుకున్నదే లేదు, లెగ్గింగ్స్‌తో కుదరదా? ఇంకా మా అత్తమ్మకు ఏమని చెప్పాలి, ఇది కూడా అడుగుతున్నా. ఎవరైనా చేసినవాళ్ళుంటే చెప్పండి. పోల్ కాకపోయినా, గుడ్డ మీద వేలాడే ఏరియల్ సిల్క్, రింగు, ఏదైనా సరే.

---

మైపాడు_అల | జనవరి 18, రాత్రి 11:20

అక్కా, నేను బెంగళూరులో ఉద్యోగం చేసినప్పుడు రెండేళ్ళు పోల్ నేర్చుకున్నా. ఇప్పుడు నెల్లూరులోనే ఉన్నా, ఇక్కడ దీని గురించి మాట్లాడే మనిషి దొరికినందుకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

ముందు బలం సంగతి. జిమ్‌కు పోయి బలం తెచ్చుకుని రావాలని ఏ టీచరూ అడగరు. నేను చేరినప్పుడు నాకూ పుల్‌అప్ రాదు. ఆ పని చేస్తూనే ఆ బలం వస్తుంది, వేరే చోట తెచ్చుకున్న బలం సగమే పనికొస్తుంది. నువ్వు ఆరు నెలలు ఆగితే ఆ ఆరు నెలలు పోయినట్టే.

ఇక బట్టలు. ఇది సిగ్గు సమస్య కాదు, జారుడు సమస్య. ఇనప స్తంభం మీద మనల్ని నిలబెట్టేది చర్మం. లెగ్గింగ్స్ వేసుకుంటే తొడలతో ఎంత నొక్కినా సర్రున జారిపోతావు. మోకాలి వెనక, తొడ లోపలి వైపు, పిక్క, ఈ మూడు చోట్ల చర్మం స్తంభానికి తగలాలి. మొదటి క్లాసుకు మోకాలి పైదాకా ఉండే షార్ట్స్ చాలు, మరీ పొట్టివి అక్కర్లేదు. ఇంటి నుంచి పైన పైజామా వేసుకుని పో, వార్మప్ అయ్యాక తీసెయ్, అందరూ అదే చేస్తారు. సిల్క్ క్లాసైతే మొత్తం తిరగబడుతుంది: అక్కడ గుడ్డ చర్మాన్ని ఒరిపిడి పెట్టి కాలుస్తుంది కాబట్టి మోకాళ్ళ వెనక, నడుము, చంకలు కప్పుకోవాలి, లెగ్గింగ్స్, చేతులున్న టీషర్టు వేసుకోవాలి. ఒకదానికి వేసుకున్న బట్ట రెండోదానికి పనికిరాదు, కాబట్టి ఏ క్లాసో సరిగ్గా చూసుకుని సర్దుకో.

అన్నిటికన్నా ముఖ్యం, ముందు రోజు రాత్రి నుంచి ఒంటికి ఏమీ రాయకు. లోషన్ వద్దు, కొబ్బరినూనె వద్దు, స్నానం చేసే నీళ్ళలో కూడా ఏ నూనె చుక్కా వద్దు. నా మూడో క్లాసుకు ముందు అమ్మ తలకు నూనె పెట్టింది, చేతులు సబ్బుతో కడుక్కునే పోయాను, వార్మప్‌లో జడ సర్దుకున్నా, అంతే. ఆ రోజు ఒక్క స్పిన్నూ, అంటే స్తంభం పట్టుకుని గుండ్రంగా తిరగడం, రాలేదు. నా తర్వాత అదే స్తంభం పట్టుకున్న అమ్మాయి కూడా జారింది. మనం రాసుకున్నది మనతో పోదు, స్తంభం మీద ఉండిపోతుంది.

ఉంగరాలు, గాజులు, కాళ్ళ పట్టీలు, మెట్టెలు తీసెయ్యాలి. మెట్టెలు తీయడం నీకు ఇష్టం లేకపోతే టీచర్‌కు ముందే చెప్పు, దాని మీద టేపు చుడతారు, కాకపోతే కాలితో పట్టు పట్టేటప్పుడు ఆ చోట నొప్పి ఉంటుంది.

---

పీఈటీ_ఒంగోలు | జనవరి 19, ఉదయం 6:10

అమ్మా, నేను స్కూల్లో డ్రిల్ మాస్టారుని. పోల్ నేర్పలేదు, నేర్చుకోలేదు కానీ పిల్లలకు తాడు ఎక్కడం, బార్ మీద వేలాడటం ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను. పై అమ్మాయి చెప్పింది సరైన మాట, ఆగకండి. మీకు ఇంకా పందొమ్మిది రోజులున్నాయి, ఈ లోపల రోజుకు పది నిమిషాలు ఇవ్వగలిగితే ఇవి చేయండి.

పార్కులో బార్ ఉంటుంది గదా, దాన్ని పట్టుకుని వేలాడండి. పైకి లాక్కోవద్దు. కాళ్ళు నేలకు తగిలేంత ఎత్తులోనే చాలు, సగం బరువు కాళ్ళ మీద పెట్టుకుని సగం చేతులకు ఇవ్వండి. పది సెకన్లు, దిగండి, మళ్ళీ పది సెకన్లు, అలా ఐదు సార్లు. వేలాడుతున్నప్పుడు భుజాలు చెవుల దాకా ఎక్కిపోతాయి, అందరికీ ఎక్కుతాయి. మోచేతులు వంచకుండా ఆ భుజాలను చెవులకు దూరంగా కిందికి లాగాలి. కదలిక రెండంగుళాలు కూడా ఉండదు, ఆ రెండంగుళాలు వచ్చినవాళ్ళకే భుజం భద్రంగా ఉంటుంది. రాని వాళ్ళు కీలు మీద వేలాడతారు, కండ మీద కాదు.

ఇంట్లో అయితే తడి తువ్వాలు పిండండి, రెండు చేతులతో, కుడివైపుకు ఓసారి, ఎడమవైపుకు ఓసారి. పట్టుకు అంతకు మించిన వ్యాయామం నేను చూడలేదు.

---

తాటితోపు | జనవరి 19, మధ్యాహ్నం 1:45

నేను పోల్ డ్యాన్సు ఎప్పుడూ దగ్గరగా చూడలేదు, ఈ చర్చ చదివి వీడియో చూశా. చూడగానే మా నాయన గుర్తొచ్చాడు. మాది కొత్తపట్నం దగ్గర, నాయన తాటిచెట్లు గీసేవాడు. నడుముకూ చెట్టుకూ చుట్టి మోకు తాడు, కాళ్ళకు బందం. చిన్నప్పుడు కింద నిలబడి చూసేవాణ్ణి, ఆయన చేతులతో ఎక్కుతాడనుకునేవాణ్ణి. ఒకరోజు నన్ను చెట్టుకు రెండడుగుల ఎత్తులో పెట్టి చెప్పాడు, ఒరే చేతులతో ఎక్కితే పదో చెట్టుకు పడిపోతావు, పాదాలు రెండూ మొద్దుకు అదుముకుని కాళ్ళతో లెయ్యి, చేతులు నిన్ను చెట్టుకు దగ్గరగా ఉంచితే చాలు అని. మోకు ఒక మూర పైకి జరిపేవాడు, రెండు కాళ్ళూ కలిపి పైకి ముడుచుకునేవాడు, బందం మొద్దుకు పట్టగానే నిలబడేవాడు. మళ్ళీ మోకు. ఆయన పొట్ట మీద, పిక్కల లోపలి వైపు చర్మం చెప్పులా ఉండేది.

ఆ వీడియోలో ఆవిడ ఎక్కింది కూడా అచ్చం అట్టాగే. మోకాళ్ళతో పట్టు బిగించి లేచి నిలబడి, ఆ తర్వాతే చేతులు పైకి జరిపింది. చెప్పాలనిపించింది.

---

మైపాడు_అల | జనవరి 19, మధ్యాహ్నం 2:30

అన్నా, ఇది చదివి ఒళ్ళు గగుర్పొడిచింది. మా టీచర్ నెలరోజులు అరిచి చెప్పిన మాట మీ నాయన రెండు ముక్కల్లో చెప్పాడు. పోల్ ఎక్కేటప్పుడు ఒక కాలి పాదం పైభాగం, ముంగాలు స్తంభానికి ముందు వైపు ఆనిస్తాం, రెండో కాలి పిక్కను వెనక నుంచి తెచ్చి మధ్యలో స్తంభాన్ని కత్తెరలా బిగిస్తాం. ఆ బిగువు మీద లేచి నిలబడితే ఎక్కడం అయిపోయినట్టే. కొత్తవాళ్ళందరూ చేతులతో లాక్కోబోయి మూడో అడుగుకే అలిసిపోతారు.

---

పాతకాపు_ఒంగోలు | జనవరి 19, రాత్రి 8:50

నేను ఇద్దరు ఆడపిల్లల తండ్రిని, కోప్పడకుండా చదవండి. వ్యాయామం మంచిదే. కానీ పోల్ డ్యాన్స్ అంటే విదేశాల్లో క్లబ్బుల్లో ఆడవాళ్ళ చేత ఆడించేదని అందరికీ తెలుసు. మన ఊళ్ళో ఒక అమ్మాయి అది నేర్చుకుంటోందని తెలిస్తే వెనక ఏం మాట్లాడుకుంటారో కూడా తెలుసు. మీకు ఆ మాటలు తట్టుకునే ధైర్యం ఉండొచ్చు, ఇంట్లో పెద్దవాళ్ళకు ఉండకపోవచ్చు. యోగా ఉంది, షటిల్ ఉంది, ఈత ఉంది. ఇదే ఎందుకు?

---

మల్లఖంబ్_తమ్ముడు | జనవరి 19, రాత్రి 9:35

సార్, మీ బాధ నాకు అర్థమైంది. నేను పుణెలో చదువుకున్నప్పుడు మల్లఖంబ్ చేశాను, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

స్తంభం మీద కసరత్తు మన దేశానికి కొత్త కాదు. మల్లఖంబ్ మల్లయోధుల కసరత్తు. పీష్వా రెండో బాజీరావు దగ్గర వ్యాయామ గురువుగా ఉన్న బాళంభట్ట దాదా దేవధర్ దాన్ని మళ్ళీ నిలబెట్టాడని మహారాష్ట్రలో ప్రతి వ్యాయామశాలలో చెబుతారు. 2013లో మధ్యప్రదేశ్ దాన్ని రాష్ట్ర క్రీడగా ప్రకటించింది. 2019లో ముంబై శివాజీ పార్కులో ప్రపంచ పోటీలు పెట్టారు. దాన్ని ఊరూరా, దేశదేశాలా తిరిగి నేర్పిన ఉదయ్ దేశ్‌పాండే గారికి 2024లో పద్మశ్రీ ఇచ్చారు. అందులో తాడు మల్లఖంబ్ ఉంది, పై నుంచి వేలాడే నూలు తాడు మీద ఆడపిల్లలు కాలి బొటనవేలు సందున తాడు బిగించి పైకెక్కి ఆసనాలు వేస్తారు. ఏరియల్ సిల్క్ చూసినప్పుడు నాకు అదే గుర్తొస్తుంది.

మన ఊళ్ళలో కూడా గడ ఆట ఉండేది. ఊరి మధ్యలో వెదురు గడ పాతి, దాని కొసన ఆడవాళ్ళు పొట్ట ఆనించి గిర్రున తిరిగేవాళ్ళు. మా నాయనమ్మ చూసింది. ఆ పని చేసినవాళ్ళను చప్పట్లు కొట్టి చూసి, తర్వాత చిన్నచూపు చూశాం. తప్పు గడది కాదు, ఎక్కినవాళ్ళదీ కాదు.

ఒక చిన్న తేడా చెప్పాలి, మొదట్లో నన్ను తికమక పెట్టింది. మల్లఖంబ్ కర్ర స్తంభానికి ఆముదం రాస్తాం, చర్మం కొట్టుకుపోకుండా. ఇనప పోల్‌కు నూనె మచ్చ కూడా తగలకూడదు. ఒకే రకం పట్టు, పదార్థం మారితే నియమం తలకిందులవుతుంది.

---

మైపాడు_అల | జనవరి 19, రాత్రి 10:15

తమ్ముడు చెప్పిందంతా నిజం. కానీ నాకు ఒక మాట చెప్పుకోవాలని ఉంది. పోల్ క్లబ్బుల నుంచే వచ్చింది, దాన్ని దాచి ఇది పూర్తిగా మల్లఖంబే అని చెప్పడం నాకు ఇష్టం ఉండదు. ఇప్పుడు మేం నేర్చుకునే స్పిన్లలో చాలా వాటిని కనిపెట్టింది రాత్రిపూట ఆ పని చేసి బతికిన ఆడవాళ్ళు. వాళ్ళ ఒళ్ళు హూనం చేసుకుని కనిపెట్టారు. వాళ్ళ దగ్గర నుంచి విద్య తీసుకుని వాళ్ళ పేరు ఎత్తడానికి సిగ్గుపడితే ఎలా? తర్వాత అది క్రీడ కూడా అయింది, 2009లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది, 2017లో ప్రపంచ క్రీడా సమాఖ్యల సంఘం దానికి పరిశీలక హోదా ఇచ్చింది. రెండూ నిజమే.

పాతకాపు గారూ, ఇదే ఎందుకు అన్నారు గదా. నాకు ఈత రాదు, షటిల్ విసుగు. ఇందులో మాత్రం రెండేళ్ళు ఒక్క వారం మానలేదు. అంతకన్నా పెద్ద కారణం నా దగ్గర లేదండీ.

---

పాతకాపు_ఒంగోలు | జనవరి 20, ఉదయం 7:30

మీరు చెప్పిన తీరుకు కోపం రాలేదు. నా అభిప్రాయం పూర్తిగా మారిందని చెప్పలేను. చదువుతూ ఉంటాను.

---

ఫిజియో_దర్గామిట్ట | జనవరి 20, మధ్యాహ్నం 3:05

వైద్యం వైపు నుంచి కొన్ని మాటలు. మొదటి క్లాసులో తలకిందులు చేయించరు, చేయించకూడదు కూడా. కానీ ఏరియల్ యోగా అని ఊయలలో వేసే క్లాసుల్లో మొదటి రోజే తలకిందులు చేస్తారు. గ్లకోమా ఉన్నవాళ్ళు, కంటి రెటీనాకు ఏదైనా జరిగినవాళ్ళు, ఈమధ్య కంటి ఆపరేషన్ అయినవాళ్ళు, బీపీ అదుపులో లేనివాళ్ళు తలకిందులు జోలికి పోవద్దు. గర్భిణులు కొత్తగా ఇది మొదలుపెట్టకూడదు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకు చిన్న నొక్కుడుకే పెద్ద కమిలిన మచ్చలు వస్తాయి కాబట్టి వాళ్ళ డాక్టర్‌ను అడిగి రావాలి. పీరియడ్స్‌లో చేయొచ్చా అని అందరూ అడుగుతారు, మీకు బాగుంటే చేయండి, బాగోకపోతే మానండి, అంతకు మించి నిషేధం ఏమీ లేదు.

నొప్పి ఎలాంటిదో గుర్తుపట్టడం నేర్చుకోండి. మర్నాడు, ఎల్లుండి కండరాలు బరువెక్కి లాగితే అది మామూలే, మూడు రోజుల్లో తగ్గుతుంది. భుజం కీలులో సూది గుచ్చినట్టు ఉంటే, మోచేతి లోపలి వైపు గట్టిగా పట్టుకున్నప్పుడల్లా నొస్తుంటే, వేళ్ళు తిమ్మిరెక్కితే అక్కడితో ఆపండి. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది ఆ రోజు ఆపకుండా ఇంకో నాలుగు సార్లు ప్రయత్నించినవాళ్ళే.

క్లాసుకు రెండు గంటల ముందు తిన్నది చాలు. కడుపు నిండా పులిహోర తిని ఊయలలో తలకిందులైతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

---

కావలి_రైలుగేటు | జనవరి 20, రాత్రి 9:00

అక్కలూ నాదొక ప్రశ్న. నేను 84 కిలోలు, 41 ఏళ్ళు. నాకూ గుడ్డ మీద వేలాడాలని ఉంది, నవ్వకండి. బరువు ఎక్కువుంటే రానిస్తారా, పోలా, సిల్కా, ఊయలా, ఏది మేలు?

---

మైపాడు_అల | జనవరి 20, రాత్రి 9:25

ఎందుకు నవ్వుతాం అక్కా? నాతో పాటు చేరిన ఒకావిడ తొంభై కిలోలపైనే ఉండేది, పోల్ సిట్ అని తొడల మధ్య స్తంభం బిగించి కూర్చునేది ఒకటి ఉంది, అది మా అందరికన్నా ముందు ఆవిడకే వచ్చింది. తొడకు కండ, చర్మం ఎక్కువ తగిలితే పట్టు ఎక్కువ.

నా అభిప్రాయం, మొదట ఊయల. రెండు చివరలూ పైన కట్టి గుడ్డ ఉయ్యాలలా నడుము ఎత్తులో ఉంటుంది, కాళ్ళు నేల మీద పెట్టుకునే సగం చేయొచ్చు. తర్వాత పోల్, ఎందుకంటే నేల దగ్గరే ఉంటుంది, దిగిపోవాలనిపిస్తే కాలు కిందపెడితే సరి. సిల్క్ మాత్రం చేతులకు చాలా కష్టం, పాదానికి గుడ్డ చుట్టి ముడి బిగించి దాని మీద నిలబడటం మొదటి రోజు నేర్పుతారు, ఆ ముడి పాదాన్ని పిండేస్తుంది. కానీ నీకు గుడ్డే ఇష్టమైతే గుడ్డే పట్టుకో. ఇష్టం లేనిదానికి రెండోసారి పోలేం.

---

నైట్‌షిఫ్ట్_అమ్మ | జనవరి 21, ఉదయం 5:40

ఊయల అన్నారు కాబట్టి చెబుతున్నా, జాగ్రత్త. మన జిల్లాలోనే ఒక టౌన్లో, పేరు చెప్పను, ఒక హాల్లో ఏరియల్ యోగా అని పెడితే పోయాను. శ్లాబుకు ఫ్యాన్ కొక్కేనికే గుడ్డ తగిలించారు. కింద పరుపు లేదు, గచ్చు మీద పలచటి యోగా చాప. నా పక్కన అమ్మాయి వెనక్కి వాలగానే పైనుంచి సున్నం పెచ్చు ఊడి ఆమె మోకాలి మీద పడింది. కొక్కెం ఊడలేదు, దేవుడి దయ. అడిగితే, ఇన్నాళ్ళూ ఏం కాలేదండీ అన్నారు. ఆ మాటకే బయటికి వచ్చేశా.

---

చీమకుర్తి_సివిల్ | జనవరి 21, ఉదయం 9:15

అమ్మా మీరు బయటికి రావడం నూటికి నూరుపాళ్ళు సరైంది. నేను సివిల్ ఇంజనీర్ని, క్వారీల దగ్గర రాళ్ళు లేపే క్రేన్ల పని కూడా చూస్తాను కాబట్టి వేలాడే బరువు అంటే రోజూ భయంతో చూసే మనిషిని.

ఫ్యాన్ కొక్కెం ఫ్యాన్ కోసం. ఫ్యాన్ బరువు నాలుగైదు కిలోలు. 60 కిలోల మనిషి కదలకుండా వేలాడితే 60 కిలోలే, కానీ ఊగినా, జారి ఒక్కసారిగా ఆగినా ఆ క్షణంలో కొక్కెం మీద పడే బలం దానికి రెండింతలు, మూడింతలు, పై నుంచి పడి ఆగే విన్యాసాల్లో ఇంకా ఎక్కువ. గుడ్డను తగిలించే స్టీలు కారబైనర్, అంటే తెరిచి మూసే కొక్కెం, మీద 22 కేఎన్ (కిలోన్యూటన్) అనో 25 కేఎన్ అనో ముద్ర ఉంటుంది, 22 కేఎన్ అంటే దాదాపు 2,200 కిలోల బరువుకు సమానం. అది చూపించి భద్రం అంటారు. కారబైనర్ అంత గట్టిదైనా అది తగిలింది ఫ్యాన్ కొక్కేనికైతే ఆ మొత్తానికి బలం ఫ్యాన్ కొక్కెం బలమే.

ఏం చూడాలంటే, పైన ఇనప దూలం ఉందా, లేక శ్లాబులో ఈ పని కోసమే లోతుగా వేసిన యాంకర్ బోల్టులు ఉన్నాయా అని అడగండి. ఎవరు డిజైన్ చేశారు, చివరిసారి ఎప్పుడు తనిఖీ చేశారు అని అడగండి. సరిగ్గా నడిపేవాళ్ళు ఈ ప్రశ్నకు సంతోషిస్తారు, విసుక్కుంటే వచ్చేయండి.

ఇంట్లో పెట్టుకునే పోల్ గురించి కూడా చెప్పేస్తా, ఎవరో ఒకరు కొంటారు. అది నేలకూ కప్పుకూ మధ్య జాకీలా బిగించేది. పైన గట్టి శ్లాబు ఉండాలి. పీఓపీ ఫాల్స్ సీలింగ్‌కు, రేకులకు, పాత ఇళ్ళ పెంకులకు బిగిస్తే అది నిలబడదు.

---

పెన్నా_ఒడ్డు | ఫిబ్రవరి 8, రాత్రి 9:50

పోయొచ్చాను! ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి, చేతులతో ఫోన్ పట్టుకోవాలంటేనే కష్టంగా ఉంది.

మొదటి నుంచి చెబుతా. శుక్రవారం రాత్రి చెల్లి ఇంట్లో దిగాం, తలకు నూనె లేదు, ఒంటికి క్రీము లేదు, ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం కాపలా కాసుకున్నాం. మొత్తం ఎనిమిది మంది, అందులో ఒకాయన మగాయన, ఒకావిడ యాభై దాటినావిడ. టీచర్ ముందే ఒక కాగితం ఇచ్చి పాత దెబ్బలు, మందులు రాయమంది. ఫిజియో గారు చెప్పినవన్నీ అందులో ఉన్నాయి. కప్పు వైపు చూశాను, ఇంజనీర్ గారు గుర్తొచ్చారు, అడిగాను. ఆవిడ నన్ను నిచ్చెన దగ్గరికి తీసుకుపోయి పైన దూలానికి బిగించిన బోల్టులు చూపించింది.

వార్మప్పే ఇరవై నిమిషాలు. మణికట్లు, భుజాలు, నడుము. తర్వాత స్తంభాన్ని స్పిరిట్ వేసిన గుడ్డతో పై నుంచి కింది దాకా తుడవడం నేర్పింది, ఎవరి స్తంభం వాళ్ళే తుడుచుకోవాలి. 45 మిల్లీమీటర్ల మందమంట, నా గుప్పిట్లో బొటనవేలు చూపుడువేలి కొసను అందుకుని కొంచెమే మిగిలింది. చల్లగా ఉంది. ముందు చల్లగా ఉంటే జారుతుంది, మనం పట్టుకుని వేడెక్కించాలి అంది, అందరం రెండు చేతులతో రుద్దుతూ నిలబడ్డాం.

మొదట ఊరికే స్తంభం చుట్టూ నడక. లోపలి చెయ్యి తల పైన పట్టుకుని, బయటికి వాలి, బరువు చేతికి ఇచ్చి నడవాలి. నడకే గదా అనుకున్నా, కానీ బరువు ఇవ్వలేకపోయా. నా ఒళ్ళు నా చేతిని నమ్మలేదు. టీచర్ వచ్చి నా భుజం మీద వేలు పెట్టి కిందికి దించు అంది. పీఈటీ మాస్టారూ, ఆ రెండంగుళాలు! పద్దెనిమిది రోజులు పార్కులో అదే చేశా. దించగానే చంక కింద ఏదో గట్టిగా పట్టుకున్నట్టయింది, అప్పుడు వాలగలిగాను.

తర్వాత ఫైర్‌మ్యాన్ స్పిన్. రెండు చేతులూ స్తంభం మీద, ఒక అడుగు వేసి, ఎగిరి రెండు మోకాళ్ళతో స్తంభాన్ని పట్టుకుని తిరుగుతూ దిగడం. మొదటి మూడు సార్లు తిరగలేదు, దబ్బున నిలబడిపోయా. నాలుగోసారి టీచర్ ఎగరకు, అడుగు పెద్దదిగా బయటికి వెయ్యి అంది. వేశాను. మోకాళ్ళు స్తంభానికి ఆనాయి, చర్మం కీచుమని శబ్దం చేసింది, అద్దంలో నేను ఒక పక్కకు పోతూ కనపడ్డాను, ఎదురుగా గోడ, కిటికీ, చెల్లి మొహం, మళ్ళీ గోడ. కాళ్ళు నేలకు తగిలాయి. రెండు సెకన్లు కూడా ఉండదు. మా చెల్లి కెవ్వుమని అరిచింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఎందుకో ఇప్పటికీ తెలియదు.

ఎక్కడం రాలేదు. పాదం పైభాగం స్తంభానికి నొక్కితే వచ్చే నొప్పి నేను ఎప్పుడూ చూడనిది. తాటితోపు అన్నా, మీ నాయన మాట మనసులో అనుకుంటూ లేచాను, ఒక్క మెట్టు లేచి పడిపోయాను, అదే గొప్ప నాకు.

షార్ట్స్ సంగతి. ఇంట్లో అద్దం ముందు ఏడుపొచ్చింది. అక్కడ పది నిమిషాల తర్వాత ఎవరి కాళ్ళూ ఎవరూ చూడలేదు, అందరి కళ్ళూ వాళ్ళ వాళ్ళ మోకాలి వెనక స్తంభం ఆనిందా లేదా అనే దాని మీదే. ఒకావిడ పొట్ట మీద సిజేరియన్ మచ్చ, ఇంకొకావిడ పిక్కల మీద ఉబ్బిన నరాలు, మగాయన కాలికి పాత ఆపరేషన్ గీత. ఇంత మంది మామూలు ఒళ్ళు ఒక్కచోట నేను ముందెప్పుడూ చూడలేదు.

ఈ రోజు తొడ లోపల రెండు చోట్ల, పాదం మీద ఒక చోట నేరేడుపండు రంగులో కమిలింది.

---

తాటితోపు | ఫిబ్రవరి 8, రాత్రి 10:30

నాయనకు ఫోన్లో చదివి వినిపించా. ఒక మెట్టు లేచిందంటే రెండో మెట్టు దానంతట అదే వస్తుంది, దిగేటప్పుడు జారొద్దని చెప్పు అన్నాడు. జారితే చర్మం కాలుతుంది, ఎట్టా ఎక్కావో అట్టాగే దిగాలంట.

---

కావలి_రైలుగేటు | ఫిబ్రవరి 9, ఉదయం 6:50

చదివి రాత్రంతా నిద్ర పట్టలేదు. కమిలిన చోట ఏం రాయాలి? మీ అత్తమ్మకు ఏం చెప్పావు చెల్లీ, ఆ సంగతి రాయలేదు.

---

ఫిజియో_దర్గామిట్ట | ఫిబ్రవరి 9, ఉదయం 8:20

మొదటి రోజు గుడ్డలో చుట్టిన ఐస్ పది, పదిహేను నిమిషాలు పెడితే చాలు. గట్టిగా మర్దన చేయొద్దు. నాలుగైదు వారాల తర్వాత అదే చోట అంత కమలదు. వారానికి ఒక క్లాసుతో మొదలుపెట్టినవాళ్ళు మధ్యలో రెండు మూడు రోజులు పట్టుకు విశ్రాంతి ఇవ్వాలి, కండరం తొందరగా బలపడుతుంది కానీ దాన్ని ఎముకకు కట్టే స్నాయువు నిదానంగా బలపడుతుంది.

---

పెన్నా_ఒడ్డు | ఫిబ్రవరి 9, రాత్రి 9:10

అత్తమ్మ సంగతి. అబద్ధం చెప్పలేకపోయా. స్తంభం పట్టుకుని తిరిగే వ్యాయామం నేర్చుకుంటున్నా అని చెప్పి చెల్లి తీసిన వీడియో చూపించా. రెండుసార్లు చూసింది. ఏమీ అనలేదు. నిన్న రాత్రి అన్నం పెడుతూ నా పాదం మీద మచ్చ చూసి, పసుపు రాసుకో, అది కూడా జారుతుందా అని అడిగింది.

---

పాతకాపు_ఒంగోలు | ఫిబ్రవరి 10, ఉదయం 7:15

అమ్మా, మీ రెండో క్లాసు గురించి కూడా రాయండి. మా చిన్నమ్మాయి తాడు మల్లఖంబ్ వీడియోలు చూస్తోంది, ఇక్కడ దగ్గర్లో ఎక్కడైనా నేర్పుతారేమో మాస్టారు చెబితే బాగుంటుంది.

---

పీఈటీ_ఒంగోలు | ఫిబ్రవరి 10, సాయంత్రం 6:40

సార్, ముందు మా గ్రౌండుకు పంపండి. చింతచెట్టుకు తాడు ఉంది, కింద ఇసుక పోయించాను. ఎక్కడం, దిగడం నేను చెబుతాను, ఆసనాలు నాకు రావు, అవి నేర్పేవాళ్ళను మల్లఖంబ్ తమ్ముడిని అడుగుదాం.

---

కావలి_రైలుగేటు | మార్చి 1, రాత్రి 8:05

చెల్లీ, వచ్చే శనివారం కొత్తవాళ్ళ క్లాసుకు నేనూ డబ్బులు కట్టాను. పొద్దున రైలుకు కావలిలో ఎక్కుతా, నువ్వు నెల్లూరులో ఎక్కు. షార్ట్స్ కొన్నాను, రెండు సైజులు. మెట్టెలు తీయను, టేపు నేనే తెచ్చుకోనా, వాళ్ళిస్తారా?

---

పెన్నా_ఒడ్డు | మార్చి 1, రాత్రి 8:12

తెచ్చుకో అక్కా, మెడికల్ షాపులో దొరికే గుడ్డ టేపు, ప్లాస్టిక్‌ది వద్దు. శుక్రవారం తలకు నూనె పెట్టుకోవద్దు. సీటు నంబర్ మెసేజ్ పెట్టు.